కాశీలో వదిలిన పెరుగు

కాశీకి వెళ్ళినవాళ్ళు ఏదో ఒకటి వదిలిపెట్టి రావాలి కదా. ఒక కాయో, ఒక పండో. గంగలో మునిగి, ఇక ఈ జన్మలో దీన్ని ముట్టనని చెప్పుకుని రావాలి. ఇష్టమైనదాన్నే వదలాలన్నది నియమం. మనవాళ్ళు మహా గట్టివాళ్ళు కాబట్టి, కాకరకాయ చేదంటే పడనివాళ్ళు కాకరకాయనే వదిలేస్తారు. పనసపండు పదేళ్ళకోసారి తినేవాళ్ళు పనసపండు వదిలేసి, మహా త్యాగం చేసినట్టు ఊరంతా చెప్పుకుంటారు. గంగమ్మ కూడా చూసీ చూడనట్టు ఊరుకుంటుంది.

ఏలూరు పవర్‌పేటలో ఉండే పురోహితుడు రాఘవయ్యగారు మాత్రం అలాంటి తెలివితేటలు చూపించలేదు. ఐదేళ్ళ క్రితం భార్య వెంకటసుబ్బలక్ష్మి పోయాక, కొడుకు ఫణికుమార్‌ను వెంటబెట్టుకుని కాశీ వెళ్ళి, అక్కడ పాలూ పెరుగూ వదిలేసి వచ్చారు. పెరుగన్నం తినందే భోజనం అయినట్టే కాదనుకునే మనిషి ఆయన. ఫణికుమార్ నడుములోతు నీళ్ళలో నిలబడి, "నాన్నగారూ, ఇంకోసారి ఆలోచించుకోండి, ఏ బీరకాయో వదిలెయ్యొచ్చు కదండీ" అని బతిమాలాడు. "మీ అమ్మ తోడుపెట్టని పెరుగు నాకెందుకురా" అన్నారు రాఘవయ్యగారు.

అప్పట్నుంచీ చారన్నంతో చెయ్యి కడిగేసుకోవడమే. కాఫీ కూడా పాలు లేకుండా, నల్లటి డికాషన్ తాగేవారు. నెయ్యి మాత్రం వదల్లేదు. హోమాలు చేయించేవాడు నెయ్యి ముట్టకపోతే ఎలా కుదురుతుందని ఆయనకాయనే ఒక మినహాయింపు ఇచ్చుకున్నారు. ఒక విధంగా చూస్తే ఆ ఐదేళ్ళూ ఆయన బాగానే ఉన్నారు. షుగరుకి పదేళ్ళుగా వేసుకునే మాత్ర వేసుకుంటూ, పెళ్ళిళ్ళూ గృహప్రవేశాలూ చేయిస్తూ, అరవై మూడో ఏట కూడా పెదపాడు నుంచి ఆకివీడు దాకా తిరిగొచ్చేవారు.

ఈ ఏడాది ఫాల్గుణ మాసంలో ఒక మధ్యాహ్నం వెంకటసుబ్బలక్ష్మి తిరిగొచ్చింది.

ఆ వేళప్పుడు ఇంట్లో ఎవరూ ఉండరు. ఫణికుమార్‌ది తాడేపల్లిగూడెంలో కరెంటు ఆఫీసు ఉద్యోగం. పొద్దున్నే రైలెక్కితే చీకటిపడే వేళకి వస్తాడు. కోడలు మనస్వి దగ్గర్లోనే ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది, నాలుగున్నరకి గానీ రాదు. రాఘవయ్యగారు ఎండన పడి వచ్చి, ముందుగదిలో చాప వేసుకుని నడుం వాల్చారు. వంటింట్లోంచి ఇంగువ తిరగమాత వాసన వచ్చింది. గరిట గిన్నెకి తగిలిన చప్పుడైంది.

"ఏవండీ, ఎండలో పడి వచ్చారు. కాసిని మంచినీళ్ళు తాగి పడుకోండి."

"అలాగే" అన్నారాయన. లేచి, మరచెంబులో నీళ్ళు తాగి, మళ్ళీ పడుకున్నారు. ముప్ఫై ఆరేళ్ళ అలవాటు కదా, ఒంటికి ముందు తెలిసింది, బుర్రకి తర్వాత తెలిసింది. తెలిసిన వెంటనే మళ్ళీ లేచారు. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి చూస్తే పొయ్యి చల్లగా ఉంది, గిన్నెలన్నీ మనస్వి బోర్లించి వెళ్ళినట్టే ఉన్నాయి. ఇంగువ వాసన మాత్రం కాసేపు అక్కడే ఉండిపోయింది.

ఇంకొకరైతే కేకలు పెట్టుకుంటూ వీధిలోకి పరిగెత్తేవారేమో. రాఘవయ్యగారికి భయం కంటే ముందు సిగ్గేసింది. ఎందుకంటే ఆవిడ కర్మకాండ ఆయన దగ్గరుండి చేయించారు. కొడుకు చేత పన్నెండు రోజులూ ఒక్క పిండం తక్కువ కాకుండా పెట్టించారు, ఐదు తద్దినాలు తిథి తప్పకుండా జరిపించారు. అంత పద్ధతిగా సాగనంపిన మనిషికి మళ్ళీ ఈ వంటింట్లో ఏం పని? మంత్రంలో ఎక్కడో లోపం జరిగి ఉండాలి, లేదా ఆవిడకి తీరని కోరికేదో ఉండిపోయి ఉండాలి. రెండింటిలో ఏదైనా ఒక పురోహితుడు పైకి చెప్పుకునే సంగతి కాదు. పేటలో ఎవరికి గాలి సోకిందన్నా రక్షరేకు కట్టించుకోవడానికి ఆయన దగ్గరికే వస్తారాయె.

అందుకని ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఉగాది వెళ్ళేసరికి ఆయన మధ్యాహ్నం కార్యక్రమాలు ఒప్పుకోవడం మానేశారు. పన్నెండింటికల్లా ఇంటికి చేరి, వంటింటి గుమ్మానికి ఎదురుగా పీట వేసుకుని కూర్చునేవారు. ఒక్కోసారి చీర కుచ్చెళ్ళు గుమ్మం పక్కన కదిలేవి, ఒక్కోసారి మాటే వినబడేది.

"ఇవాళ ఎవరింట్లోనండీ?"

"పెదపాడులో బారసాల. పిల్లాడు బాగున్నాడు."

"మీరు వేళకి తినండి. ఫణి రైల్లో నిలబడి వస్తున్నాడు పాపం, వాడికి చెప్పండి కాస్త ముందు పెట్టెలో ఎక్కమని."

ఇలాంటి మాటలే. పెద్ద విశేషాలేం ఉండేవి కావు. ఆ విశేషాలు లేని మాటల కోసం ఆయన పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఎదురుచూసేవారు. ప్రేతాన్ని పంపించే విధానం ఆయనకి తెలుసు. ఎన్ని ఇళ్ళలో చేయించారో లెక్కలేదు. ఒక్క పూట కూర్చుంటే అయిపోయే పని. కానీ ఆయన కూర్చోలేదు. తప్పని తెలిసి కూడా కూర్చోలేదు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా జరుగుతూ వచ్చింది, దాన్ని ఆయన పట్టించుకోలేదు. నాలుక ఎర్రగా నున్నగా అయిపోయి, చారులో మిరియం తగిలినా భగ్గుమనేది. అరికాళ్ళు తిమ్మిరెక్కి ఉండేవి. వైశాఖంలో ఒకరోజు గుడి నుంచి వస్తే, మనస్వి గుమ్మంలోనే ఆగి, "ఇంకో చెప్పేదండీ మావయ్యగారూ?" అని అడిగింది. కిందికి చూసుకుంటే ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది ఎక్కడ జారిపోయిందో, అరమైలు ఎండలో కాలే రోడ్డు మీద ఒట్టికాలితో ఎలా నడిచారో ఆయనకి తెలియనే లేదు. షుగరున్నవాళ్ళకి కాళ్ళు తిమ్మిర్లు మామూలే కదమ్మా అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ పిల్ల మాత్రం ఆ ఒంటిచెప్పు వంక చూస్తూ అక్కడే నిలబడింది.

శ్రావణమాసంలో ఆకివీడులో గంగరాజు గృహప్రవేశం. గంగరాజుది వరి పండించే కుటుంబం, పదేళ్ళ నుంచి చేపల చెరువులు కూడా వేశాడు. ఆ ఇంట్లో ఏ శుభకార్యమైనా రాఘవయ్యగారే. చెరువులో చేపపిల్లల్ని వదిలే ముందు పూజ కూడా ఆయన చేతనే చేయించుకుంటాడు. తెల్లారకముందే కారు పంపించాడు. కొత్తింట్లో గంగరాజు పట్టుపంచెతో, అతని భార్య లక్ష్మీకాంతం పట్టుచీరతో పీటల మీద కూర్చున్నారు. బంధువులతో హాలు నిండిపోయింది.

రాఘవయ్యగారు సంకల్పం మొదలుపెట్టారు. మాసం, పక్షం, తిథి. తిథి దగ్గర ఒక్క క్షణం ఆగారు, ఎవరో అందించారు. గోత్రం చెప్పారు. గంగరాజు పేరు చెప్పారు. ఆ తర్వాత యజమాని భార్య పేరు చెప్పాలి. "ధర్మపత్నీ వెంకటసుబ్బలక్ష్మీ సమేతస్య" అన్నారు.

గంగరాజు మెల్లగా, "పంతులుగారూ, మా ఆవిడ పేరు లక్ష్మీకాంతమండి" అన్నాడు.

"అవునవును" అని రాఘవయ్యగారు మళ్ళీ మొదటికి వచ్చారు. మళ్ళీ అదే పేరు చెప్పారు. చెప్పినట్టు ఆయనకి తెలియలేదు, ముందుకు సాగిపోయారు. లక్ష్మీకాంతానికి మాత్రం తెలిసింది. ఐదేళ్ళ క్రితం పరామర్శకి వచ్చి, ఆవిడ ఫొటోకి దండ వేసి వెళ్ళింది తనే. పోయిన మనిషి పేరుని తన స్థానంలో కూర్చోబెడుతుంటే, జోడించిన చేతులు విడదీయకుండా, పీట మీంచి లేవకుండా కూర్చుంది. హాల్లో ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

హోమం దగ్గర ఇంకా పెద్ద ముప్పు వచ్చిపడింది. నెయ్యి పోసినప్పుడు ఒక నిప్పుకణిక ఇటుకల మీంచి దొర్లి కింద పడింది. రాఘవయ్యగారు లేచి, సరిగ్గా దాని మీద కాలు పెట్టి నిలబడ్డారు. నిలబడి మంత్రం చదువుతూనే ఉన్నారు. కమురు వాసన మొదట తగిలింది లక్ష్మీకాంతానికే.

"పంతులుగారూ, మీ కాలండి, కాలు."

ఆయన కిందికి చూశారు. పొగ వస్తోంది. నొప్పి లేదు. గంగరాజు పీట మీంచి లేచి, రెండు భుజాలూ పట్టుకుని పక్కకి లాగాడు. అంతమంది ముందు, తన అరికాలి తోలు కాలుతుంటే తనకి తెలియకపోవడం చూసి, అప్పుడు భయపడ్డారు రాఘవయ్యగారు.

మిగతా తంతు ఊళ్ళో ఇంకో పంతులుగారికి అప్పజెప్పి, గంగరాజే స్వయంగా కారు నడుపుకుంటూ ఆయన్ని ఏలూరు తీసుకొచ్చాడు. కొల్లేరు దాటుతున్నంతసేపూ రాఘవయ్యగారు కిటికీలోంచి నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు. "శుభమా అని ఇల్లు కట్టుకుంటే అశుభం పలికాను గంగరాజుగారూ" అన్నారు చివరికి. "అవన్నీ తర్వాత చూసుకుందామండి, ముందు కాలు చూపించుకుందాం" అన్నాడు గంగరాజు.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు క్యాథరిన్ అని, యాభై ఏళ్ళ మనిషి. కాలికి కట్టు కట్టించి ఊరుకోలేదు. కళ్ళు మూసుకుని నిలబడమంది, ఆయన తూలిపోయారు. నాలుక చాపమంది. నడిస్తే ఎలా ఉంటుందో చెప్పమంది.

"దూది మీద నడుస్తున్నట్టు ఉంటుందండి" అన్నారాయన. అనగానే ఈ మాట ఎక్కడో విన్నానే అనిపించింది. ఎక్కడ విన్నారో గుర్తు రాలేదు.

ఏం తింటారని అడిగితే, కబురు విని వచ్చిన మనస్వి కాశీ సంగతి మొత్తం చెప్పింది. రక్తపరీక్ష రాసింది డాక్టరు. రెండు రోజులకి కాగితం వచ్చింది. "రెండొందల పైన ఉండాల్సింది పంతులుగారికి ఎనభై నాలుగుంది" అంది ఆవిడ, ఫణికుమార్‌ని, మనస్విని ఎదురుగా కూర్చోబెట్టుకుని. "బి-ట్వెల్వ్ అంటారండి. రోజుకి ఆవగింజలో వెయ్యోవంతు చాలు. కానీ ఆ వెయ్యోవంతు లేకపోతే నరాలు పాడైపోతాయి, రక్తం తగ్గిపోతుంది, మతి తప్పుతుంది. అది ఆకుల్లో కాయల్లో ఉండదండి. చేపలోనో, మాంసంలోనో, గుడ్డులోనో ఉండాలి, లేదా పాలలో ఉండాలి. మొదటివి ఈయన ముట్టరు. ఉన్న ఒక్క దారినీ కాశీలో వదిలేసి వచ్చారు. పైగా షుగరు మాత్ర ఎన్నేళ్ళు వాడితే అంత, ఉన్నదాన్ని కూడా ఒంటికి పట్టనివ్వదు. లివర్లో దాచుకున్నది కొన్నేళ్ళు వచ్చింది. అదీ అయిపోయింది."

"పెరుగు తినకపోతే మనిషి ఇలా అయిపోతాడాండీ?" అన్నాడు ఫణికుమార్. నమ్మలేకపోయాడు.

"మన దగ్గర కాళ్ళు తిమ్మిరంటే షుగరంటారు, మతిమరుపంటే వయసంటారు. అందుకే ఆలస్యమైపోతుంది." డాక్టరు రాఘవయ్యగారి వైపు తిరిగింది. "కొంతమందికి మనుషులు కూడా కనిపిస్తారండి. మాటలు వినిపిస్తాయి. మందు పడితే పోతాయి. మీకేమైనా అలా ఉందా?"

"లేదండి" అన్నారు రాఘవయ్యగారు. ఆయన అరవై మూడేళ్ళలో అంత నిబ్బరంగా చెప్పిన అబద్ధం ఇంకోటి లేదు.

రోజు విడిచి రోజు ఇంజక్షను, తర్వాత వారానికొకటి, ఆ తర్వాత నెలకొకటి. కాశీ నియమం చెడదు, పెరుగు తినక్కర్లేదు, ఇంజక్షను చాలంది డాక్టరు. ఇప్పుడు కూడా మానేస్తే కాళ్ళు పూర్తిగా పడిపోతాయని, అప్పుడు ఎన్ని ఇంజక్షన్లు చేసినా తిరిగిరావని కూడా చెప్పింది. మొదటిది ఆ రోజే నర్సు మరియమ్మ చేసింది. మందు ఎర్రగా, పారాణి నీళ్ళలా ఉంది. ఆయన దానికేసి శత్రువును చూసినట్టు చూశారు.

మందు పడితే పోతాయంది కదా డాక్టరు. ఆ ఒక్క మాట ఆయన్ని నిలవనివ్వలేదు. కాళ్ళు పోతాయంటే బాధే. మంత్రం మర్చిపోతే బతుకే లేదు. అయినా మధ్యాహ్నం పూట ఆ వంటింట్లో ఎవరూ లేకుండా పోవడం కంటే అవేమంత పెద్దవి? రెండో ఇంజక్షనుకి బయల్దేరి, ఆసుపత్రి దాకా వెళ్ళకుండా కాలవగట్టు మీద గంటసేపు కూర్చుని ఇంటికి వచ్చేశారు. మూడోదానికీ అంతే చేశారు. వేయించుకున్నాను అని కోడలికి చెప్పారు.

మరియమ్మ ఫోన్ చేయనే చేసింది. ఆ సాయంత్రం మనస్వి స్కూలు బ్యాగు కూడా దించకుండా ఆయన ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మావయ్యగారూ, మీరు రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళలేదంట. ఎందుకండీ?"

కొడుకు అడిగితే ఏదో ఒకటి కసురుకునేవారు. ఈ పిల్ల గొంతు పెంచదు, అదే ఆయనకి చిక్కు. తల వంచుకుని, "మీ అత్తగారు వస్తోందమ్మా" అన్నారు. అన్నాక ఇక ఆగలేదు. ఫాల్గుణం నుంచీ జరిగిందంతా చెప్పేశారు. ఆ మందు వేస్తే వెళ్ళిపోతుందేమోనని భయంగా ఉందని కూడా చెప్పారు.

మనస్వి నవ్వలేదు, బెదరలేదు. వంటింటి వైపు ఒకసారి చూసింది. "నేనొకటి అడగనాండీ? వైద్యానికి పోయేది రోగం కదండీ. నిజంగా అత్తయ్యగారే అయితే ఈ ఇంజక్షనుకి ఎందుకు పోతారు? ఉంటారు కదండీ."

లెక్కల టీచరు కదా, తప్పించుకోవడానికి సందు లేకుండా అడిగింది. రాఘవయ్యగారు చిన్నప్పుడు వేదపాఠశాలలో తర్కం చదువుకున్నవారు. రాత్రంతా ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూశారు. ఎక్కడా తప్పు దొరకలేదు.

మర్నాడు మధ్యాహ్నం పీట మీద కూర్చుని వంటింటి వైపు తిరిగి చెప్పారు. "రేపట్నుంచీ ఇంజక్షన్లు వేయించుకుంటున్నాను. నువ్వు నువ్వే అయితే ఉండు, సుబ్బలక్ష్మీ. నా మాట మన్నించి ఉండు."

"అలాగేనండీ. మీ ఆరోగ్యం ముఖ్యం" అంది ఆవిడ.

ఆ మాట పట్టుకుని ఆయన ఆసుపత్రికి వెళ్ళారు. రోజు విడిచి రోజు, పొద్దున్న పదింటికి చెయ్యి చాపేవారు. మరియమ్మ కబుర్లు చెబుతూ గుచ్చేది, ఆయన ఊకొట్టేవారు. నాలుగో ఇంజక్షనుకి ఇంగువ వాసన రావడం ఆగిపోయింది. ఆరోదానికి మాటల చివర్లు తెగిపోవడం మొదలైంది. "ఏవండీ" అని వినబడేది, ఆ తర్వాతేమందో తెలిసేది కాదు. "ఏంటే, మళ్ళీ చెప్పు" అని ఆయన గుమ్మం దాకా జరిగేవారు. వినాయకచవితి నాడు ఇంటినిండా సందడి, కాబట్టి రాలేదనుకున్నారు. మర్నాడు ఇంట్లో ఎవరూ లేరు. అయినా రాలేదు.

పీట మాత్రం తియ్యలేదాయన. పదిహేను రోజులు అలాగే కూర్చున్నారు. పదహారో రోజు, మధ్యాహ్నం రెండింటికి, వంటింట్లోకి వెళ్ళి పొయ్యి గట్టుకి ఆనుకుని ఏడ్చారు. ఐదేళ్ళ క్రితం కొడుకుని కూర్చోబెట్టి కర్మ చేయించే హడావుడిలో ఏడవడం కుదరలేదు. ఆ ఏడుపంతా ఇప్పుడు ఏడ్చారు. మనిషి రెండోసారి పోతే ఏ కర్మ చేయించాలో ఏ గ్రంథంలోనూ రాసి లేదు.

దసరా వెళ్ళేసరికి ఆయన కోలుకున్నారు. అరికాళ్ళలో మొదట మంటలు పుట్టాయి, తర్వాత స్పర్శ వచ్చింది. ముదినేపల్లిలో ఒక సీమంతం చేయిస్తే మంత్రం ఎక్కడా తడబడలేదు. గంగరాజు కబురు పెట్టి, భార్యాభర్తలిద్దరూ ఇంకోసారి పీటల మీద కూర్చుని, సరైన పేరుతో సంకల్పం చెప్పించుకున్నారు. పేటలో అందరూ పంతులుగారు మళ్ళీ మనిషయ్యారని సంతోషించారు.

మనిషవడం అంటే గుర్తు రావడం కూడా. పొగమంచు తీసేసినట్టు బుర్ర తేటపడ్డాక, ఆయనకి సుబ్బలక్ష్మి ఆఖరి రెండేళ్ళూ వరసగా గుర్తురావడం మొదలైంది. అన్నంలో చిటికెడు కారం తగిలినా కళ్ళనీళ్ళు పెట్టుకునేది. గోడ పట్టుకుని నడిచేది. చేతిలో చెంబు జారిపోతే జారినట్టు తెలియక, ఒట్టి చేతిని అలాగే పట్టుకుని నిలబడేది. ముప్ఫై ఏళ్ళ క్రితం పోయిన వాళ్ళమ్మతో వంటింట్లో కూర్చుని మాట్లాడేది. దూది మీద నడుస్తున్నట్టుందండీ అన్న మాట ఆవిడదే.

ఆయన దానికి గాలి అని పేరు పెట్టారు. తన చేత్తో రక్షరేకు రాసి ఆవిడ జబ్బకి కట్టారు. నలభై ఒక్క రోజులు పారాయణ చేశారు. ఆ నలభై ఒక్క రోజులూ ఆవిడ చేత ఒంటిపూట భోజనం చేయించారు. అది అయిన రెండు నెలలకి పెరట్లో కాళ్ళు తడబడి పడిపోయింది, తుంటి విరిగింది, మూడు నెలలు మంచం మీద ఉండి కన్నుమూసింది.

కార్తీకమాసంలో నెల ఇంజక్షనుకి వెళ్ళినప్పుడు, పని అయిపోయాక కూడా ఆయన డాక్టరు గదిలోంచి లేవలేదు.

"మా చుట్టాల్లో ఒకావిడ ఉందండి" అన్నారు. "యాభై ఏడేళ్ళు. మాలాగే, చేపా మాంసం ముట్టరు. కాళ్ళు తిమ్మిరి, నాలుక మంట. చనిపోయినవాళ్ళు కనిపిస్తున్నారంటుంది. ఆవిడకి షుగరు లేదు. కాశీ వెళ్ళలేదు, ఏదీ వదల్లేదు."

"పాలూ పెరుగూ బాగా తింటారాండీ?"

రాఘవయ్యగారు తన చేతులకేసి చూసుకుంటూ చెప్పారు. "మొగుడికి, కొడుక్కి, వచ్చేపోయేవాళ్ళకి వడ్డిస్తుందండి. అందరివీ అయ్యాక పెరుగ్గిన్నెలో నీళ్ళు పోసి, అటూ ఇటూ తిప్పి, అదే మజ్జిగని పోసుకుంటుంది. వారానికి మూడు ఉపవాసాలు."

"పెరుగు ఇంట్లో ఉంటుంది, ఆవిడ కడుపులోకి వెళ్ళదు" అంది క్యాథరిన్, ఇలాంటివి వందసార్లు విన్న మనిషిలా. "అది కూడా ఇదేనండి, నూటికి తొంభై పాళ్ళు. ఎందుకు ఆలోచిస్తారు? రేపే తీసుకురండి. ఒక్క రక్తపరీక్ష చేద్దాం. త్వరగా మొదలుపెడితే రెండు మూడు నెలల్లో ఆవిడ పని ఆవిడ చేసుకుంటుంది. మీరే చూశారు కదా."

"నడుస్తూ పడిపోయే ప్రమాదం కూడా ఉంటుందాండీ?"

"ఎందుకుండదండీ, కాలి కింద నేలే తెలియదు కదా. పడకముందే తీసుకురండి."

"సరేనండి" అని ఆయన దణ్ణం పెట్టి లేచారు.

ఇంటికి వచ్చి, చెప్పులు విప్పి, తిన్నగా వంటింట్లోకి వెళ్ళారు. "సుబ్బలక్ష్మీ" అని పిలిచారు. కాసేపాగి ఇంకోసారి పిలిచారు. ఒక్కసారి వస్తే చాలు, కాళ్ళ మీద పడి చెప్పుకుందామనుకున్నారు. పొయ్యి గట్టు, బోర్లించిన గిన్నెలు, కిటికీలోంచి ఎండ. ఆయన బుర్ర ఎంత తేటగా ఉందంటే, గిన్నెలు గిన్నెల్లాగే కనిపించాయి, ఎండ ఎండలాగే కనిపించింది. మళ్ళీ మళ్ళీ పిలుస్తూనే ఉన్నారు. మనస్వి స్కూలు నుంచి వచ్చేసరికి గొంతు బొంగురుపోయింది.

"మావయ్యగారూ, ఏమైందండీ? మళ్ళీ అత్తయ్యగారి మాటలు వినిపిస్తున్నాయా?"

"లేదమ్మా. వినిపించడం లేదు." ఆయన నేల మీద కూలబడ్డారు. "మీ అత్తగారిది గాలి కాదమ్మా. నాకొచ్చిందే తనకీ వచ్చింది. ఆ ఎర్రమందే తనకీ పనిచేసేది. నేను రేకు కట్టి, పస్తులుంచి, చేతులారా చంపుకున్నాను."

మనస్వి పక్కన కూర్చుంది. పెళ్ళైన కొత్తలో అత్తగారు పోయిన వాళ్ళమ్మతో మాట్లాడుతుంటే తనూ విన్నది, విని తనూ భయపడి ఊరుకున్నది. ఆ సంగతి ఇప్పుడు కూడా బయటపెట్టలేదు. "మీకు తెలియదు కదండీ. తెలిసి చేశారా ఏంటి?" అంది.

"నాకు తెలియదు. దానికి తెలుసు. పారాయణ సగంలో ఉండగా వచ్చి నా ఎదురుగా కూర్చుంది. 'ఏవండీ, ఇది గాలి కాదేమో, నన్ను ఒకసారి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి' అంది. 'నా మంత్రం మీద నీకే నమ్మకం లేకపోతే ఊళ్ళోవాళ్ళకెందుకుంటుందే' అని కసిరాను. వారం పోయాక మళ్ళీ అడిగింది. పుస్తకంలోంచి తలెత్తకుండా చేత్తో పొమ్మన్నాను."

రాఘవయ్యగారు కళ్ళు తుడుచుకోలేదు, వాటి మానాన వాటిని కారనిచ్చారు.

"ఆరు నెలలు వచ్చిందమ్మా నా దగ్గరికి. నీళ్ళు తాగమంది, వేళకి తినమంది, నా ఆరోగ్యం ముఖ్యమంది. ఒక్కరోజు కూడా, నన్నెందుకు తీసుకెళ్ళలేదండీ అని అడగలేదు. అప్పుడే తెలుసుకోవలసింది నేను. నిజంగా మీ అత్తగారే వచ్చుంటే, ముందు ఆ మాటే అడిగేది."